దారం ఎక్కించిన సూదులు

ఈ ఉదయం దారం కొసను పెదవుల మధ్య తడిపి కొత్త సూదిలోకి ఎక్కించబోతే మూడుసార్లూ పక్కకే పోయింది. నాలుక మీద నూలు రుచి, దానికి కాస్త మిషను నూనె వాసన. నాలుగోసారి కూడా తప్పాక నా నోట్లోంచి ఒక మాట జారింది: "ఈ మధ్య సూదులకు బెజ్జాలు సరిగ్గా వెయ్యడం ల్యా." అన్నాక నాకే నవ్వాగలేదు. ఆ మాట నాది కాదు, సుగుణమ్మక్కది. బిట్రగుంటలో రైల్వే క్వార్టర్స్‌కు పోయే దారిలో ఆమెకో చిన్న కుట్టుకొట్టు ఉండేది. నాకు ఈ పని నేర్పింది ఆమే. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె మాటలు మాత్రం కావలిలోని నా కొట్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కుట్టుపని మీద మోజుతో నేనామె దగ్గరికి వెళ్లానంటే అది పచ్చి అబద్ధం. టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇంటికొచ్చిన చుట్టమల్లా ఏం చేస్తున్నావని అడుగుతుంటే చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. మళ్లీ పరీక్ష పెట్టేదాకా రెండు నెలలు మాత్రమే వస్తానని మొదటిరోజే గట్టిగా చెప్పేశాను. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. పెద్దా చిన్నా తేడా లేకుండా ఊరంతటికీ అక్కే. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుండేది, ఆదివారం చర్చికి కూడా ఒక్కోసారి దాంతోనే వెళ్లిపోయేది. నన్ను ఎగాదిగా చూసి, కిటికీ పక్కనున్న స్టూలు చూపించి, "రెండు నెలలే గదా, కూర్చో" అంది.

మా పనిలో అసలు సంగతంతా ఆది జాకెట్టులో ఉంటుంది. కొలతలివ్వడానికి సిగ్గుపడే ఆడవాళ్లు, తమకు బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి దీని ప్రకారం కుట్టమంటారు. ఆ పాతది ఎప్పటిది? పెళ్లయిన కొత్తల్లోది! ఇద్దరు పిల్లల్ని కని, వాళ్లను హైస్కూలుకు పంపిన మనిషి కూడా అదే పట్టుకొచ్చి, "నేనేం మారలేదక్కా, ఎండలకు ఉక్కపోస్తుంది గదా, చేతులు మాత్రం రవ్వంత వదులు పెట్టు" అనేది. సుగుణమ్మక్క "అవునమ్మా, ఎండలు" అని ఆ జాకెట్టు మడిచి పక్కన పెట్టేది. మనిషి గడప దాటేలోగా కంటితోనే కొలత తీసుకునేది. కుట్టినది వేసుకుని వాళ్లు "చూశావా, అదే కొలత" అని మురిసిపోయేవాళ్లు. ఇది మోసం కాదా అని ఒకసారి అడిగాను. ఒళ్లు మారినంత తొందరగా మనసు ఒప్పుకోదనీ, జాకెట్టు పట్టిన తర్వాత ఇక వాదన దేనికనీ అంది. లోపలి కుట్టులో మరో అంగుళం గుడ్డ వదలడం మాత్రం ఎన్నడూ మరిచేది కాదు.

ఊళ్లో అందరి భ్రమలూ తెలిసిన మనిషికి తన కళ్లకు పొర కమ్ముతోందన్న సంగతి మాత్రం పట్టలేదు. సూదులు బాగా లేవంది. దారం పీచు పీచుగా వస్తోందంది. కరెంటు వాళ్లు వోల్టేజి తగ్గించారంది. కంటి డాక్టరు మాటెత్తితే, "నా కళ్లకేం మాయరోగం, నీ కళ్లు చూపించుకోపో" అని కసిరేది. అందుకే సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు డజను సూదులకు దారాలు ఎక్కించి గుడ్డ దిండుకు గుచ్చిపెట్టేదాన్ని. మర్నాడు హెమ్మింగుకు, హుక్కులకు ఆమె వాటిని ఒక్కొక్కటిగా తీసుకునేది. ఎవరు ఎక్కించారని ఒక్కనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నా రెండు నెలలు అప్పటికి మూడేళ్లు కావొచ్చాయి. దాని గురించి ఆమె కూడా అడగలేదు కనుక లెక్క సరిపోయిందనుకున్నాను.

ఇంతలో అక్క వాళ్ల చర్చికే వచ్చే సరోజమ్మగారి కూతురి పెళ్లి వచ్చింది. వెండిజరీ అంచున్న తెల్లపట్టు చీర, దానితోపాటు వచ్చిన జాకెట్టు ముక్క. గుడ్డ మీద సుద్దతో రెండు గీతలు గీస్తాం. లోపలి గీత కుట్టుకు, బయటి గీత కత్తెరకు. నేను హుక్కుల కోసం బజారుకు వెళ్లి వచ్చేసరికి అక్క కత్తిరించేసింది. బల్ల మీది ముక్కలు చూశాను. కత్తెర లోపలి గీత మీద నడిచింది. కుట్టడానికే గుడ్డ మిగలలేదు. అప్పుడే నోరు తెరవాల్సింది. ఆవిడ చేత్తో చేసింది, ఎక్కడో సర్దే ఉంటుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పెళ్లి నాలుగు రోజులుందనగా ఆ జాకెట్టు పెళ్లికూతురి భుజాల దగ్గరే బిగుసుకుపోయింది. సరోజమ్మగారు వచ్చి నిలదీస్తే సుగుణమ్మక్క తలెత్తకుండా, "మా వసంత కత్తిరించిందమ్మా, ఇంకా చెయ్యి తిరగలేదు" అంది. వసంతంటే నేనే. నా మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. దారంతా ఏడుపే. పోయింది జాకెట్టు ఒక్కటే కాదు, నా పేరు. ఆ ఊళ్లో ఇంక నా చేతికి గుడ్డ ఎవరిస్తారు?

మర్నాడు నేను వెళ్లలేదు. ఆ మర్నాడు పొద్దున్నే ఆమే మా గుమ్మంలో నిలబడింది. చేతిలో గుడ్డ దిండు, దాని నిండా ఉత్త సూదులు.

"నిన్నంతా ఒక్కదానికీ దారం ఎక్కలేదు" అంది. "ఎన్నాళ్ల నించి ఎక్కిస్తుండావు?"

"ఏడాది పైనే అక్కా."

"నాకు తెలుసు. తెలవనట్టు ఉండినా. నీ మీద చెప్పినప్పుడూ తెలిసే చెప్పినా." దిండు నా చేతిలో పెట్టింది. "సూదులు సర్దేదానివి, ఆ ముక్కలు చూసినప్పుడు నోరు తెరిచి చెప్పకూడదా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను. అయినా చెప్పాల."

నన్ను వెంటబెట్టుకుని నేరుగా పెళ్లివారింటికి నడిచింది. వాకిట్లో బంధువులంతా ఉండగానే, కత్తిరించింది తానేననీ, కళ్లు ఆనడం లేదనీ, ఈ పిల్ల మీద అబద్ధం చెప్పాననీ అంది. నాకు కోపమంతా పోయి కళ్లు నిండాయి. తర్వాత కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. నడుము దగ్గర లోపలికి దోపుకునే చీర చివర ఎవరికీ కనపడదు కదా, అందులోంచి రెండు పట్టీలు కత్తిరించి చంకల కింద కలిపాను. అక్క పక్కనే నిలబడి చూసింది కానీ ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. పెళ్లికూతురు జాకెట్టు వేసుకుని రెండు చేతులూ పైకెత్తి చూపించింది. సరోజమ్మగారు మా ఇద్దరికీ కాఫీ పెట్టించారు.

ఆ నెలలోనే అక్క శుక్లాల ఆపరేషను చేయించుకుంది. నల్లకళ్లద్దాలు తీసిన రోజు కొట్లో కూర్చుని నేను కుట్టినవన్నీ తిరగేసి, "ఇంత వంకరగా కుడతన్నావా! ఏడాది నించి నేను చూళ్లేదే" అంది. నేను ఉడుక్కుంటుంటే కొత్త అద్దాలు తుడుచుకుంటూ, "సరే, నా కళ్ల సంగతి నేను ఒప్పుకున్నా. నీ రెండు నెలలు ఎప్పుడయ్యేది?" అని అడిగింది. ఇంట్లో దుమ్ముపట్టిన పరీక్ష పుస్తకాలు గుర్తొచ్చాయి. అయిపోయాయక్కా, ఇంక పరీక్ష రాయను అన్నాను. చెప్పాక ఎంత హాయిగా ఉందో! మరుసటి ఏడు కావలిలో సొంత మిషను పెట్టుకున్నాను. మొదటి గుడ్డ ఆమెదే. ఆది జాకెట్టు ఇస్తూ చేతులు రవ్వంత వదులు పెట్టమంది, ఎండలట.

ఇదంతా తలుచుకుని నవ్వుకుంటూ ఇంకో సూది కోసం గుడ్డ దిండు దగ్గరికి లాక్కున్నాను. దాని మీది సూదులన్నిటికీ దారాలున్నాయి. నల్లది, తెల్లది, ఎర్రది, పచ్చది. నా దగ్గర పనిచేసే షాహీనా వైపు చూశాను. మిషను మీద వంచిన తల ఎత్తలేదు.

"ఎన్నాళ్ల నించే?" అన్నాను.

"రంజాను ముందు నించి అక్కా" అంది మెల్లగా.

ఇన్ని నెలలుగా ఆ సూదులతోనే కుడుతున్నాను. ఒక్కనాడైనా నాకు అనుమానం రాలేదు. ఇంకొకరికి ఏడాదిపాటు ఎక్కించి పెట్టినదాన్ని! చెప్పులేసుకుని, కంటి డాక్టరు దగ్గరికి పోతున్నానని చెప్పాను. బల్ల మీద రేపటికి ఇవ్వాల్సిన పట్టుముక్క పరిచి ఉంది, సుద్దగీతలతో సహా. కత్తెర షాహీనా చేతిలో పెట్టి, బయటి గీత మీదే పోనియ్యమని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"నాకు కనపడతానే ఉండాదిలే అక్కా" అంది. "నువ్వు బస్సు బోర్డు చూసుకొని ఎక్కు."