నడుం నొప్పి అని చెప్పిన జబ్బు

తారామతి బారాదరి మెట్ల మీద కూర్చోబోయి, కూర్చోలేక లేచి నిలబడ్డ రోజున నాకు మొదటిసారి తేడా తెలిసింది.

అప్పటికి నేను మాదాపూర్‌లో గది అద్దెకు తీసుకుని, కొత్తగా లేచిన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో వైటూకే పని, అంటే పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని, చేస్తున్నాను. వారమంతా కుర్చీయే. శనివారం తెల్లవారగానే నేనూ, ఆఫీసులో నా పక్క సీటు యాదగిరీ సైకిళ్ళు తీసేవాళ్ళం. గచ్చిబౌలి రాళ్ళగుట్టలు, నానక్‌రామ్‌గూడ, నార్సింగి దాటి మూసీ లోయలోకి దిగితే ఇక బళ్ళ మోత ఉండేది కాదు. గండిపేట కింద సన్నగా పారే నది, ఒడ్డున పాలకూర మళ్ళు, ద్రాక్ష తోటలు, మనం వస్తున్నా జరగని గేదెలు. గుట్ట మీద కుతుబ్‌షాహీల నాటి బారాదరి. అక్కడ కాసేపు కూర్చుని, గోల్కొండ కోట గోడ పక్కగా, సుల్తానుల సమాధుల ముందునుంచి ఇళ్ళకు చేరేవాళ్ళం. నాది సెకండ్ హ్యాండ్ గేరు సైకిలు. సీటు ఇటుకలా ఉండేది. అలాంటి సీటు మీద అంత దూరం వెళ్ళొస్తున్నానని నాకు కొంచెం గర్వం కూడా.

"ఏందన్నా, కూసో జర. మొఖం గట్లయింది?" అన్నాడు యాదగిరి.

"నడుం పట్టేసింది" అన్నాను.

నొప్పి నడుంలో లేదు. ఎక్కడుందో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది. మలద్వారం పక్కన ఉసిరికాయంత గడ్డ. తిరుగు దారంతా సీటుకు తగలకుండా పెడళ్ళ మీద నిలబడే తొక్కాను. నేను పందెం వేస్తున్నాననుకుని యాదగిరి పాపం వెనకాల రొప్పుతూ వచ్చాడు.

జ్వరం వచ్చింది. గడ్డ దానంతట అదే పగిలింది. నొప్పి తీసేసినట్టు పోయింది, నేనూ పీడ విరగడైందనుకున్నాను. కొన్నాళ్ళకు లోదుస్తుల మీద మరక కనిపించింది. చీము. తగ్గేది, మళ్ళీ వచ్చేది. ముదురు రంగు ప్యాంట్లు తప్ప వేసుకోవడం మానేశాను. ఆఫీసులో సగం పని నిలబడి చేసేవాడిని. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి సీటు చూసుకోవడం అలవాటైపోయింది. "కుర్చీలో ముళ్ళున్నాయేంటండీ?" అని మా టీమ్ లీడ్ వేళాకోళం చేస్తే నేనూ నవ్వాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా అక్క స్టాఫ్ నర్సు, అదీ సర్జికల్ వార్డులో. బావ జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు, కాపురం అక్కడే. బుద్ధున్నవాడెవడైనా నేరుగా అక్క దగ్గరికి వెళతాడు. నేను వెళ్ళలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన అక్కకు ఆ చోటు సంగతి ఏ నోటితో చెప్పను?

అందుకని గోడ మీద రాతలు చూసి ఒక క్లినిక్‌కి వెళ్ళాను. "కోత లేదు, కుట్టు లేదు, మొలలు, భగందరం మాయం" అని బస్సులోంచి రోజూ కనిపించేది. పరదా వెనక ఒకాయన చేతులు కూడా కడుక్కోకుండా గడ్డ పక్కన ఇంజెక్షన్ పొడిచి, పొడి పొట్లాలిచ్చి పంపేశాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ఎన్నాళ్ళ నుంచని అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆయన వైద్యంలో నాకు నచ్చింది ఆ అడగకపోవడమే. వారం తిరక్కుండానే రెండో వైపు కూడా వాచింది, చలిజ్వరం పట్టుకుంది.

ఆ జ్వరంతోనే అక్కావాళ్ళింట్లో జరిగే ప్రార్థన కూడికకు వెళ్ళాను. మా కూడికల్లో ప్రార్థన చేసే ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. ఒకరు కొడుకు పరీక్షలన్నారు, ఒకరు భర్త తాగుడన్నారు. నా వంతు వచ్చింది.

"నడుం నొప్పి" అన్నాను.

అందరూ చాపల మీద కూర్చున్నారు. నేను కూర్చోలేక మోకాళ్ళ మీదికి వంగాను. రత్నమ్మగారని, అక్క పనిచేసే ఆసుపత్రిలోనే ఆయాగా చేసి రిటైరైన పెద్దావిడ, నా వెన్ను మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ బిడ్డ వెన్నెముకను ముట్టు తండ్రీ" అని కన్నీళ్ళతో ప్రార్థించింది. ఇంటినిండా ఉన్న జనం నా వెన్నెముక కోసం దేవుణ్ణి బతిమాలారు. కూడిక అయిందాకా నేను మోకాళ్ళ మీదినుంచి లేవలేదు. "ఈ కాలం కుర్రాళ్ళలో ఇంత భక్తి ఎక్కడుందండీ!" అని పాస్టరుగారు మెచ్చుకున్నారు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. వాళ్ళ కన్నీళ్ళు నిజమైనవి. అవి పడుతున్న చోటే తప్పు.

టీ గ్లాసులు కడుగుతానని వంటింట్లోకి వెళితే అక్క వెనకాలే వచ్చింది.

"నడుం నొప్పి ఉన్నవాడు అంతసేపు మోకాళ్ళ మీద ఉండడురా. ఎక్కడ?"

నేను పొయ్యి వైపు చూశాను.

"మోషన్ పోయే చోటా? చీము వస్తోందా?"

తల ఊపాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి."

బయట వాన పడుతోంది. అక్క చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టేసింది. "రోజూ అక్కడే డ్రెస్సింగులు చేసి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని అన్నం తింటున్నాను. ఈ లోకంలో అది నీకొక్కడికే ఉందనుకున్నావా?" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిట్టినా బాగుండేది.

అక్క నన్ను తన ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తీరా చూస్తే సర్జన్ ఆడమనిషి. వెంట ఇద్దరు మెడికల్ స్టూడెంట్లు. "లెఫ్ట్ లేటరల్. మోకాళ్ళు పైకి" అన్నారు. ఎడం పక్కకు తిరిగి, గోడకున్న సున్నం పెచ్చులు చూస్తూ పడుకున్నాను. "ఫిస్టులా, అదే భగందరం. ఈ ఇంజెక్షన్ పొడిచిన మహానుభావుడెవరు?" అని అడిగారు. చెప్పాను. ఫిస్టులోగ్రామ్ అని, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించారు. ఫిల్ము లైటు ముందు పెట్టి చూపించారు.

"హై ట్రాక్. చీము దారి బాగా లోతుగా, మోషన్‌ని ఆపి పట్టే స్ఫింక్టర్ కండరంలోంచి పోతోంది. ఒక్కసారిగా కోస్తే ఫిస్టులా పోతుంది, దాంతోపాటు మోషన్ మీద కంట్రోలూ పోవచ్చు."

నాకింకా ముప్ఫయ్యేళ్ళు రాలేదు. "సైకిల్ వల్ల వచ్చిందా డాక్టర్?" అన్నాను, తప్పు దేని మీదికైనా నెట్టాలని.

"లోపలి గ్లాండ్‌లో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చింది. సైకిల్ సీటు దాన్ని రాపాడించి ఉంటుంది, అంతే. ముదిరింది మాత్రం నువ్వు దాచడం వల్ల."

కోయగలిగినంత మేర కోసి, మిగతా దాంట్లోంచి సీటన్ అనే దారం వేసి కట్టారు. అది కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే కండరం ఒక పక్క తెగుతూ, ఒక పక్క మానుతూ వస్తుంది. ఆపరేషన్ నొప్పి నాకు పెద్దగా గుర్తు లేదు, నడుం కిందంతా మొద్దుబారేలా స్పైనల్ మత్తు ఇచ్చారు. గుర్తున్నది అక్కావాళ్ళింటికొచ్చాక చేసిన మొదటి డ్రెస్సింగ్. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చుని లేచాక, మంచం మీద బోర్లా పడుకుని దిండు కరుచుకున్నాను. నొప్పికి కాదు. అక్క గ్లవ్స్ వేసుకుంటూ, "మధ్యాహ్నానికి బీరకాయ వండనా, గోంగూర పెట్టనా?" అంది. అది పూర్తయ్యేదాకా కూరల గురించే మాట్లాడింది. బావకు సరిగ్గా ఆ టైముకే రోజూ బజారులో పని పడేది.

మధ్యలో ఒకసారి పైన చర్మం మూసుకుపోయి లోపల చీము పట్టింది. మళ్ళీ తెరిచారు. "పైకి మానితే మానినట్టు కాదు, అడుగునుంచి పూడుకు రావాలి" అన్నారు డాక్టరుగారు. ఆఫీసులో చేరాక ప్యాడ్ పెట్టుకు తిరగాల్సి వచ్చేది. మందుల షాపులో ఆడవాళ్ళ ప్యాడ్లు అడిగి, "మా అక్కకి" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడిని. ఒకరోజు మీటింగ్ మధ్యలో కంట్రోల్ తప్పింది. బాత్‌రూములో ప్యాంటు ఉతుక్కుని, తడి ప్యాంటే తొడుక్కుని, స్వెట్టర్ నడుముకు చుట్టుకుని ఆటోలో నిలబడలేక, కూర్చోలేక ఇంటికొచ్చాను. ఇక జీవితం ఇంతేనని ఆ రోజు నిజంగా అనుకున్నాను. సీటన్ ఊడి వచ్చి, డాక్టరుగారు చెప్పిన, ఆ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామాలు చేసుకుంటూ పోగా, మెల్లమెల్లగా పట్టు తిరిగొచ్చింది.

ఆపరేషనైన కొత్తలో యాదగిరి బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. "నడుం ఆపరేషన్ ఎట్లయిందన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అక్క, "నడుం కాదు బాబూ, వాడికి ఫిస్టులా" అని మామూలుగా చెప్పేసింది. భూమి చీలితే బాగుండుననిపించింది. యాదగిరి బత్తాయి ఒలవడం ఆపాడు.

"గిదే ఉండొచ్చక్కా మా చిన్నాయనకు. శాన ఏండ్లాయె. వాసనొస్తుంటే మేమే మంచం పశువుల కొట్టంల ఏసినం. దవాఖానకు పోదామంటే కొట్టొస్తడు. పెండ్లిళ్ళకు రాడు, ఎవ్వరి పక్కన కూసోడు. అందరం పెంకె మనిషి అనుకున్నం."

పూర్తిగా మానాక, డాక్టరుగారు సరేనన్నాక, వెడల్పాటి మెత్తని సీటు వేయించుకుని మళ్ళీ మూసీ లోయలోకి దిగాను. ఆ మొదటి శనివారం బారాదరి దగ్గర ఆగలేదు. యాదగిరి వాళ్ళ ఊరు గండిపేట అవతల. నేరుగా అక్కడికే వెళ్ళాం. చిన్నాయన కొట్టం ముందు గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, తీరా అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

"కాకా, నాకూ అక్కడే వచ్చింది. చీము కారేది. కోసి దారం కట్టారు. మా అక్కే కడిగింది" అన్నాను. ఇంకొకరి ముందు నా అంతట నేను ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడిబిడ్డ ముంగట గుడ్డ ఇప్పినవా? సిగ్గు గాలేదా బిడ్డా?"

"అయింది కాకా. ఇప్పుడు నీకు చెబుతుంటే కూడా అవుతోంది."

ఆయన గుంజ వదిలి యాదగిరి వైపు తిరిగి, "ఆ డాక్టరమ్మ ఏ దినం ఉంటదిరా?" అన్నాడు.

నేనిప్పుడు బాగున్నాను. అరగంటకోసారి సైకిలు దిగి నాలుగడుగులు నడుస్తాను, నీళ్ళు బాగా తాగుతాను, మలబద్ధకం రానివ్వను. చిన్నాయనకు ఆపరేషనైంది, గాయం ఇంకా మానుతోంది. మంచం ఇంట్లోకి మార్చారు. ఇది చదువుతూ ఎవరికీ చెప్పుకోలేక కుర్చీ అంచున కూర్చున్నవాళ్ళు మీలో ఉంటే, మీకు నేను చెప్పేది ఒక్కటే. చదువుకున్న సర్జన్ దగ్గరికే వెళ్ళండి. సిగ్గు పోయాక వెళదామని మాత్రం ఆగకండి. అది పోదు, నాకింకా పోలేదు. సిగ్గుపడుతూనే వెళ్ళండి.