పులిచింత మడి

క్వార్టర్లలో అందరూ ఆవిడని చిన్నక్క అనే పిలుస్తారు. పెద్దక్క పోయి ఎనిమిది నెలలైనా ఆ పిలుపు మారలేదు. పెద్ద లేనప్పుడు ఇంకా చిన్న ఏమిటని ఎవరికీ తోచలేదు. ఆవిడకి మాత్రం పిలిచినప్పుడల్లా తోచేది. అయినా పలికేది.

పెద్దక్క బట్టల మిల్లులో కుట్టు సెక్షన్‌లో పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి ఇంటికి రెండు గుమ్మాల అవతల ఒంటిగది క్వార్టరు ఆవిడది. మిల్లు వెనక కొండవాలులో, క్వార్టర్ల వాళ్ళు కూరగాయలు పండించుకోవడానికి పద్దెనిమిది మళ్ళు ఇచ్చారు. మడికో రేకు పలక, పలక మీద ఒక మనిషి పేరు. కొసాకరి మడి పెద్దక్కది. ఆరేళ్ళు దానితో కుస్తీ పట్టింది. క్యాబేజీ వేస్తే పిడికిలంత అయి ఆగిపోయేది. బీట్‌రూటు బొటనవేలి లావు దాటేది కాదు. పాలకూర పచ్చదనం అంటే ఏమిటో తెలియకుండానే పసుపుపచ్చగా మొలిచి పసుపుపచ్చగానే పోయేది. ఏటా ఒక డబ్బాడు సున్నం పొడి చల్లి, మళ్ళీ అవే విత్తనాలు వేసేది పెద్దక్క. మొండిది.

మంచం పట్టిన ఆఖరి రోజుల్లో కూడా, "ఆ నేల నన్ను గెలిచిందే చెల్లీ" అని నవ్వింది. ఆ నవ్వు చిన్నక్క గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున్నే తోట కమిటీ పెద్ద గుమ్మంలోకి వచ్చాడు. మిల్లులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. మొక్కకి ఏ రోగమొచ్చినా సున్నమే మందంటాడు. దారి పక్క రాళ్ళకీ, చెట్ల మొదళ్ళకీ కూడా తనే తెల్లగా సున్నం పూస్తాడు. ఆగి నిలబడితే మనకీ పూసేస్తాడని పిల్లలు నవ్వుతారు. అందుకే ఆయన అందరికీ సున్నం బాబాయ్.

"అమ్మాయ్, మీ అక్క మడి సంగతి మాట్లాడదామని వచ్చాను. మూడు పంటలుగా దాన్లోంచి గడ్డి తప్ప ఏమీ రాలేదు. రూలు నీకూ తెలుసు. దాన్ని తీసేసి స్కూటర్ల షెడ్డులో కలిపేద్దామంటున్నారు కమిటీలో."

"షెడ్డులోనా?" అంది చిన్నక్క. పలక పీకేసి, ఆ చోట ఎవరి బండో నిలబెట్టడం ఆవిడ కళ్ళకి కట్టింది. "ఒక్క పంట చూడండి బాబాయ్ గారూ. అదీ రాకపోతే తీసేసుకోండి."

"నువ్వా? కుండీలో తులసి కూడా నీళ్ళెక్కువై చచ్చిపోయిందని మీ అక్కే చెప్పేదిగా!"

ఈ మాటకి లోపల కూరలు తరుగుతున్న అత్తగారు కత్తిపీట మీంచే అందుకుంది. "ఏమయ్యా స్టోర్‌కీపరూ, ఊపిరి ఉన్నవాళ్ళెవరైనా నేర్చుకుంటారు. నువ్వు పుట్టగానే తాళంచెవుల గుత్తి పట్టుకు పుట్టావా?"

సున్నం బాబాయ్ తల గోక్కుని, పంట చివర కమిటీ చూపుకి వస్తుందని, ప్రతి మడిలోనూ ఒక మొక్క పీకి చూస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటాయన బస్సు డ్రైవరు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోతాడు. ఆ ఆదివారం మాత్రం గడ్డి పీకడానికి వస్తానన్నాడు. అత్తాకోడళ్ళు ముందు వెళ్ళారు. మడి దగ్గరికి వెళ్ళాక చిన్నక్క కాళ్ళు ఆగిపోయాయి. మడి పక్క రేకుల కొట్టంలో అక్క చేతితొడుగులు వేళ్ళు ముడుచుకుని అలాగే ఉన్నాయి. పక్కన సగం బస్తా సున్నం. మూతి అక్క కట్టిందే. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. ఏది కట్టినా అక్క అంతే, విప్పేవాళ్ళకి చుక్కలు కనిపించేవి.

అత్తగారికి ఇవేవీ పట్టలేదు. మడి మధ్యకి వెళ్ళి వంగి, మూడాకుల మొక్కనొకదాన్ని తుంపి నోట్లో వేసుకుంది.

"అత్తయ్యా! గడ్డి తింటున్నారేమిటి?"

"గడ్డి కాదే, పులిచింత. ఎంత కొవ్వు పట్టి ఉందో చూడు! మా అమ్మ చెప్పేది, పుల్లటి నేలంటే దీనికి పుట్టిల్లని. ఇక్కడ చూడబోతే పుట్టింటికొచ్చిన కూతురిలా పరుచుకు కూర్చుంది."

చిన్నక్క కూడా ఒక ఆకు నమిలింది. దవడలు లాగాయి. చిన్నప్పుడు తనూ అక్కా ఎవరు మొహం చిట్లించకుండా ఎక్కువ ఆకులు తినగలరని పందెం వేసుకునేవారు. అక్కే గెలిచేది ఎప్పుడూ. అక్క ఆరేళ్ళు ఈ మడిలో కలుపు తీసింది, తీసి గట్టవతల పారేసింది. ఒక్కసారైనా నోట్లో వేసుకుని ఉంటే!

మర్నాడు ఒక గుడ్డలో మట్టి మూటకట్టుకుని బస్టాండు వెనక నర్సరీకి వెళ్ళింది చిన్నక్క. నర్సరీ ఆమె బొద్దు మనిషి, చెవి మీద పెన్సిలు. మట్టిని గాజుగ్లాసులో నీళ్ళు పోసి కలిపి, తేరాక ఒక సన్నని కాగితం ముక్క ముంచింది. కాగితం ఎర్రబారింది.

"పులుపేనమ్మా. బాగా పులుపు. వాలు నేల, పైగా మీ వైపు వానలెక్కువ. నేలలో ఉన్న సున్నాన్ని వాన కడుక్కుపోతుంది. మీరు గుప్పెడు వేస్తారు, అది దోసెడు పట్టుకుపోతుంది."

"అయితే ఇక ఏమీ పండదా?"

"ఎందుకు పండదు? అందరికీ ఒకటే వంట పెడితే ఎలా? పులుపు గిట్టనివాళ్ళని పిలిచి పులుపు వడ్డించి, తినలేదేమని ఏడిస్తే తప్పెవరిది? క్యాబేజీ, బీట్‌రూటు, పాలకూర ఈ నేల గడప తొక్కవు. బంగాళాదుంప వెయ్యండి, దానికి ఇలాంటి నేలే ఇష్టం. గట్ల మీద ముల్లంగి, కింది మూల చిలగడదుంప తీగ. మరి బంగాళాదుంపకి మాత్రం సున్నం చూపించకండి, ఒంటినిండా గజ్జి పడుతుంది."

ఆ మాటతో ఇంటికొచ్చిందే గాని, చిన్నక్కకి రెండు రోజులు అన్నం సహించలేదు. అక్క నమ్మిన సున్నాన్ని వద్దనడం, అక్కనే తప్పుపట్టినట్టు అనిపించింది. బస్తా ముందు కూర్చుని ముడి మీద చెయ్యి వేసి ఉండిపోయింది. అక్కకి కావలసింది సున్నమా, పంటా? ఈ మాట తనను తనే నాలుగుసార్లు అడుక్కుంది. అయిదోసారి అడగకుండా ముడి విప్పడం మొదలుపెట్టింది. గోళ్ళు నొప్పెట్టాయి. తాడు చేతికొచ్చింది.

అటే వెళుతున్న సున్నం బాబాయ్ ఆగాడు. "చల్లుతున్నావా? మంచిది."

"లేదండీ. నాకు అక్కర్లేదు. దుంపలకి సున్నం పడదట, గజ్జి వస్తుందట."

"ఎవరు చెప్పారు? పాతికేళ్ళుగా వేస్తున్నాను నేను! అక్కర్లేకపోతే నాకియ్యి. ఈసారి నేనూ దుంపలే వేస్తా. చూద్దువుగాని." బస్తా భుజానికెత్తుకుని వెళ్ళాడు. చెప్పవలసింది చెప్పింది, ఆపడం తన వల్ల అయ్యే పని కాదు.

తాడు మాత్రం ఇవ్వలేదు. రెండు పుల్లలకి దాన్ని కట్టి, వరస వంకర పోకుండా మట్టిని ఎత్తుగా లాగి బోదెలు తీసింది. ఇంటాయన పార పట్టాడు, అత్తగారు గట్టు మీద పీట వేసుకుని పెత్తనం పట్టుకుంది. మొలకెత్తిన దుంపల్ని మొలక పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పారు. మూడో వారానికి ముదురాకుపచ్చ ఆకులు నేలని చీల్చుకొచ్చాయి. ఆ మడిలో అంత పచ్చదనం ఎవరూ చూడలేదు. మొక్క జానెడైనప్పుడల్లా మొదలుకి మట్టి ఎగదోసింది చిన్నక్క. పొద్దున్న పూట ఆవిడ చీర అంచుకి ఎప్పుడూ మట్టే. తెల్లపూలు పూసిన రోజున పక్క మళ్ళవాళ్ళు పనిమాలా వచ్చి చూసి వెళ్ళారు.

చూపు ఇంకో పది రోజులుందనగా మొక్కలు పసుపుపచ్చబడ్డాయి. రెండు రోజుల్లో పడుకున్నాయి.

అదే రంగు. ఆరేళ్ళూ అక్క చూసిన రంగు. చిన్నక్క గట్టు మీద కూలబడిపోయింది.

"చెప్పానా?" అన్నాడు సున్నం బాబాయ్. ఆయన మడి ఇంకా పచ్చగా కళకళలాడుతోంది. మాటలో ఎగతాళి కన్నా జాలే ఎక్కువ ఉంది, అదే ఇంకా మండింది. "పోనీలే అమ్మాయ్. ఈ నేల అంతే."

సాయంత్రం బస్సు దిగి ఇంటాయన నేరుగా నర్సరీకి వెళ్ళి అడిగొచ్చాడు. "పైన ఎండితేనే కింద ఊరినట్టట. తొందరపడి తవ్వొద్దంది. తొక్క గట్టిపడాలట." చిన్నక్క నమ్మీ నమ్మక, తవ్వడానికి చెయ్యి దురద పెడుతున్నా, ఆ వారమంతా ఉగ్గబట్టుకుంది.

చూపు రోజున కమిటీ వాళ్ళు అయిదుగురు, వాళ్ళ వెనక క్వార్టర్లు సగం. ముందుగా సున్నం బాబాయ్ మడి. ఆయన హుషారుగా పార వేసి మొక్క లేపాడు. దుంపలున్నాయి, పెద్దవే. కాని ఒక్కదానికీ సాఫీ చర్మం లేదు. గరుకుగా, పుండ్లు పడి పక్కుకట్టినట్టు.

"ఏమయ్యా, గజ్జి నీకా, దుంపకా?" అంది అత్తగారు. అందరూ ఘొల్లుమన్నారు. ఆయన దుంపని లుంగీకి తుడిచి తుడిచి చూశాడు. తుడిస్తే పోయేది కాదది.

కొసాకరి మడి దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఎండిన కాడలు నేలకి అతుక్కుని ఉన్నాయి. పక్కకి ఒరిగిన పలక మీద అక్క పేరు. చిన్నక్క పార కిందికి దించి, రెండు చేతులూ బోదెలోకి పోనిచ్చింది. వేళ్ళకి ఒకటి తగిలింది. గుండ్రంగా, చల్లగా. ఇంకొకటి. కాడ పట్టి లేపేసరికి మట్టి జలజల రాలి, ఒక్క మొక్కకి పదకొండు దుంపలు బయటపడ్డాయి. పసిపిల్లల బుగ్గల్లా నున్నగా, మచ్చయినా లేకుండా.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. "ఇంకో మొక్క తియ్యి!" "ఆ మూలది!" రూలు ప్రకారం ఒక్కటే. కాని ఆవిడ ఆగలేదు. ఆ వరసంతా లేపేసింది. మట్టి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, మొహమంతా చారలు. ఆ సాయంత్రం అత్తగారు పెద్ద గిన్నెలో దుంపలు ఉడకేసి, ఉప్పు చల్లి, పద్దెనిమిది మళ్ళవాళ్ళకీ తలా రెండు పంచింది.

మర్నాడు పొద్దున చిన్నక్క పలక నిలబెట్టి మేకు కొడుతుంటే సున్నం బాబాయ్ వచ్చాడు. చేతిలో సున్నం డబ్బా, కుంచె.

"పేరు మాసిపోయింది కదా, దిద్దుదామని. నీ పేరు రాయనా అమ్మాయ్? మడి ఇక నీదేగా."

"అక్క పేరే దిద్దండి. కింద జాగా ఉంటే నాది రాయండి."

వంగి, నాలుక కొరుక్కుంటూ రెండు పేర్లూ రాశాడు. రాసి కదలకుండా నిలబడ్డాడు. "విత్తనానికి ఓ నాలుగు దుంపలు..."

"నాలుగేం, బుట్టెడు పట్టుకెళ్ళండి. కాని ముందు ఇది నమలండి." గట్టు మీద పులిచింత ఆకులు రెండు తుంపి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నమిలాడు. కళ్ళు మూసుకుపోయాయి, మూతి అష్టవంకర్లు పోయింది. చిన్నక్క తనూ రెండాకులు నోట్లో వేసుకుని, మొహం ఏమాత్రం చిట్లించకుండా నమిలి మింగింది.