స్తంభం వెనక సీటు

సంగీతశాల గుమ్మం దగ్గర ఇరవై ఆరేళ్లుగా టికెట్లు చింపుతున్న మనిషిని అందరూ చింపుడు బాబాయ్ అంటారు. ఆ పేరుకి ఆయనేం నొచ్చుకోడు, పైగా బిరుదులా మోస్తాడు. దొంగ టికెట్ అయితే వేలు తగలగానే పసిగట్టేవాడు. కానీ ఆయన గొప్పగా చెప్పుకునేది అది కాదు. "టికెట్ కొన్న మనిషిని ఒక్కరినీ వెనక్కి పంపలేదు, తెలుసా?" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. వినీ వినీ వాళ్లావిడకి విసుగొచ్చేసి, ఆయన 'టికెట్' అనగానే వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఈ ఏడాది కాగితం టికెట్లు పోయి ఫోన్లో చూపించేవి వచ్చాయి. బాబాయ్ చేతిలో స్కానర్ పెట్టారు. రెండు రోజులు దాన్ని తిట్టిపోశాడు, మూడో రోజుకి చెలిమి కుదిరింది. నిజం చెప్పొద్దూ, వరుస చకచకా కదులుతోంది, వేళ్ల నొప్పులూ తగ్గాయి.

ఆ ఆదివారం సాయంత్రం కొత్త గాయకుల కచేరీ. ఇంకో ఐదు నిమిషాల్లో మొదలవుతుందనగా ఒకావిడ ఆయాసపడుతూ వచ్చి ఫోన్ చూపించింది. స్కానర్ కీచుమంది. ఎర్ర దీపం. ఆ టికెట్ మీద ఒకరు అప్పటికే లోపలికి వెళ్లిపోయారట.

"అయ్యో, నేనే కొన్నానండీ! మా అమ్మాయి పాడుతోంది, మొదటిసారి."

"ఇంకెవరికైనా పంపారా అమ్మా?"

ఆవిడ నాలుక్కరుచుకుంది. "మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెట్టానండీ. సంతోషం పట్టలేక..."

పక్కనున్న మేనేజర్ గడియారం చూసుకున్నాడు. "హాలు నిండిపోయింది బాబాయ్. మెషీన్ వద్దంటే వద్దంతే. పంపించెయ్."

బాబాయ్ ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ల మాట ఒక్క ఎర్ర దీపంతో పోతుందా? అలాగని ఆవిడే కొన్నదని తెలిసేదెలా? కాగితమైతే చేతిలో ఉన్నవాళ్లది. ఇక్కడ గ్రూపులో అందరి దగ్గరా అదే బొమ్మ. సీటు నంబరు చూశాడు. పదకొండో వరుసలో చివరిది. చిన్నగా నవ్వొచ్చింది.

"ఆ సీటు ఎలాంటిదో తెలుసా అమ్మా?"

"తెలీకేం? స్తంభం వెనకది. వేదిక సగం కనపడదు, ఒప్పుకుంటేనే కొనమన్నారు. మిగతావన్నీ అయిపోయాయి మరి. దాని గొంతు వినపడితే చాలనుకున్నా."

బాబాయ్ స్కానర్ని మేనేజర్ చేతిలో పెట్టి లోపలికి నడిచాడు. పదకొండో వరుస చివర ఓ పెద్దమనిషి కొంగలా మెడ సాచి చూస్తున్నాడు. యూనిఫాం కనపడగానే విరుచుకుపడ్డాడు.

"ఏంటండీ ఈ స్తంభం? ఇలాంటి సీటు అంటగట్టేముందు చెప్పాలని తెలీదూ?"

"కొన్నవాళ్లకి చెప్పామండీ," అన్నాడు బాబాయ్ మెత్తగా.

పెద్దమనిషి ఫోన్ జేబులో దోపుకున్నాడు. తల దించుకుని లేచి బయటికి నడిచాడు. దీపాలు ఆర్పేలోగా ఆ తల్లి తన సీట్లో కూర్చుంది. మేనేజర్ స్కానర్ని రెండు చేతులతో తిరిగిచ్చాడు.

ఆ పిల్ల పాట అందుకుంది. ఆ గొంతు స్తంభాన్ని లెక్కచెయ్యలేదు. తల్లి కళ్లు తుడుచుకుంటూ వింటుంటే, గుమ్మం దగ్గర బాబాయ్ తన కూతురే పాడుతున్నంత గర్వంగా నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వాళ్లావిడ ఎప్పటిలాగే ఎకసెక్కమాడింది. "ఇవాళ ఎన్ని చింపారేంటి?"

"ఒక్కటీ చింపలేదు. కొన్న మనిషిని వెనక్కీ పంపలేదు," అని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్లలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆ స్తంభం ముక్క మళ్లీ చెప్పండి."