తమ్ముడి ఎత్తులో తీసిన ఫొటో

నా చిన్నప్పుడు మా ఇంటి దక్షిణం కిటికీ ఒక వర్షాకాలమంతా మూసే ఉంది. కోనసీమలో, కాలవగట్టు మీద మాది పెంకుటిల్లు. ఆ కిటికీకి ఎదురుగా, కాలవకు అవతలి ఒడ్డున ఊరి శ్మశానం. తొంభైల మొదట్లో, ఏడాదైనా నిండని మా తమ్ముడు జ్వరంతో పోయాడు. అంత చిన్నపిల్లల్ని మావాళ్ళు దహనం చెయ్యరు, పూడుస్తారు. గుర్తుగా రాయి కూడా పెట్టరు. మగవాళ్ళు తీసుకెళ్ళి, తిరిగొచ్చి, కాలవలో స్నానాలు చేశారు. ఎక్కడ పెట్టారో ఆడవాళ్ళకు చెప్పలేదు. చోటు తెలిస్తే తల్లి అక్కడికే పరుగెత్తుతుందని మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, భయం. ఆ రోజే ఆవిడ కిటికీ మూసి గడియ బిగించింది.

అమ్మ ఆ కిటికీ ఉన్న గదిలోంచి బయటికి రావడం మానేసింది. అమ్మను కనిపెట్టుకుని ఉండమని నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. బడి లేదు, ఆట లేదు. పగలే లైటు వేసుకోవాల్సినంత చీకటి. ఉయ్యాల విప్పేశారు గానీ, దూలానికి తాడు ఒరుసుకున్న గీత మిగిలిపోయింది. అమ్మ దాన్నే చూసేది. అన్నం కలిపి, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కంచంలో పెట్టేసేది. పెంకుల మీద వాన చప్పుడు వింటూ నేను తలుపుకేసి చూసేదాన్ని. లేస్తే అమ్మ ఏమైపోతుందోనని లేచేదాన్ని కాదు.

అమ్మ అడిగేది ఒకటే, వాడి ఫొటో ఒక్కటైనా లేదా అని. లేదు. పుట్టువెంట్రుకలు తీయించేదాకా ఫొటో తీస్తే దిష్టి తగులుతుందని మామ్మ తియ్యనివ్వలేదు. ఊళ్ళో ఫొటో స్టూడియో మా బాబాయిదే. గిలక్కాయ ఆడించి అందరి పిల్లల్నీ నవ్వించి ఫొటోలు తీసినవాడు, సొంత అన్న కొడుకుని ఒక్కసారీ తియ్యలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. బాబాయి కెమెరా భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, వాణ్ణి పెట్టిన చోటు ఫొటో తీసుకొస్తాను. చూస్తారా?" అన్నాడు. అమ్మ చాలా రోజులకు తలెత్తింది.

వంటింట్లోంచి మామ్మ కేకేసింది. "పెళ్ళిళ్ళు అయిపోయాయని శ్మశానంలో మొదలెట్టావేంట్రా? నలుగురూ వింటే నవ్విపోతారు!"

"నవ్వనీవే అమ్మా. నవ్వే మొహాలైతే ఫొటో ఇంకా బాగా వస్తుంది" అంటూ బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "దీన్నీ తీసుకెళ్తున్నాను."

"ఆడపిల్లరా అది!"

"ఎనిమిదేళ్ళ పిల్లే అమ్మా. కాస్త గాలి పీల్చుకోనీ."

తాటిదుంగల వంతెన దాటి వెళ్ళాం. అక్కడ చూడటానికి ఏమీ లేదు. కాస్తంత మట్టిదిబ్బ, కుక్కలు తవ్వకుండా దాని మీద తుమ్మకంప. బాబాయి కెమెరా కంటికి ఆనించుకున్నాడు. దించాడు. అటు నుంచి, ఇటు నుంచి చూశాడు. "ఇది చూపిస్తే మీ అమ్మకి ముళ్ళే కనపడతాయే" అని గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపటికి, "పాకేటప్పుడు వాడి తల ఎంత ఎత్తులో ఉండేదే?" అని అడిగాడు. నేను నా మోకాలు చూపించాను.

అంతే, ఇస్త్రీ చొక్కాతోనే బురదలో బోర్లా పడుకున్నాడు. దిబ్బ పక్కన, నా మోకాలంత ఎత్తులో, కెమెరాని కాలవ వైపు తిప్పి పట్టుకున్నాడు. నన్నూ పడుకుని చూడమన్నాడు. గడ్డిపరకలు చెట్లంత కనిపించాయి. వాటి సందుల్లోంచి కాలవ నీళ్ళు, బాతుల మంద, అవతలి గట్టున కొబ్బరి మొదళ్ళు, వాటి వెనక మా గోడ. గోడలో మా ఆకుపచ్చ కిటికీ, మూసేసి. తమ్ముడు పోయాక నాకు ఏడుపొచ్చింది అప్పుడే. బాబాయి ఊరుకోమనలేదు. నేను తేరుకునేదాకా ఆగి, ఒక్కటే ఫొటో తీశాడు.

రీలు రాజమండ్రి పంపి కడిగించి తెప్పించడానికి వారం పట్టింది. అమ్మ ఫొటోని లైటు కిందకి తీసుకెళ్ళి చూసింది. బాతుల్ని వేలితో తడిమింది. తర్వాత వేలు పైకి జరిగి ఒకచోట ఆగిపోయింది. లేచి, దక్షిణం వైపు వెళ్ళి గడియ లాగింది. వానకి ఉబ్బిన చెక్క ఓ పట్టాన రాలేదు. నేనూ పట్టుకుని లాగాను.

"ఆ వైపు కిటికీ తియ్యకే!" అంటూ మామ్మ పరుగెత్తుకొచ్చింది.

"వాడికి మన కిటికీ కనిపిస్తోందండీ అత్తయ్యగారూ" అంది అమ్మ. "మూసేసి ఉంది."

మామ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. తనూ వచ్చి రెక్క పట్టుకుని లాగింది.

అమ్మ ఆ రాత్రి అన్నం తింది. అలాగని కాలవ దాటలేదు, ఎవరూ దాటనివ్వలేదు. ఉన్నన్నాళ్ళూ ఆ ఊచల వెనక నుంచే చూసింది. ఆ దిబ్బ వానలకి కరిగి నేలలో కలిసిపోయాక కూడా.

తర్వాత నేను పత్రికలో చేరాను. చావు జరిగిన ఇళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళానో. మా ఫొటోగ్రాఫర్లు ఏడ్చేవాళ్ళ మొహాల మీదకు కెమెరా ఎత్తినప్పుడల్లా, కాస్త ఆగండి అనేదాన్ని. పోయినవాళ్ళు రోజూ కూర్చునే చోట కూర్చుని, అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో ముందు చూసేదాన్ని. ఇప్పుడు కూడా ఏ ఇంట్లో ఉన్నా, వాన జల్లు కొట్టినా, దక్షిణం కిటికీ ఒక రెక్కైనా తీసే ఉంచుతాను.