పులిహోర డబ్బాతో మంచుయుగానికి

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్‌లో రైలెక్కాను. ఒళ్ళో పెళ్ళి వంటకి సరిపడే స్టీలు డబ్బా, పక్కన ఖాదర్ భాయ్. మేం వెళుతున్నది మంచుయుగం చివరినాటి అమెరికాకి. టికెట్టు యాభై సెంట్లు. బ్రిస్బేన్ చుట్టుపక్కల ఎంత దూరమైనా అంతే కాబట్టి పాఠకులు ధైర్యంగా బయల్దేరవచ్చు.

సంగతేమిటంటే, మా అమ్మాయి మేఘన యూనిలో, అంటే ఇక్కడి యూనివర్సిటీలో, ఆర్కియాలజీ చదువుతోంది. అమెరికా ఖండంలో మొదట తిరిగిన వేటగాళ్ళ మీద దాని ప్రాజెక్టు. వాళ్ళకి ఊరు లేదు, పొలం లేదు, నిన్న మిగిలిన అన్నమూ లేదు. చిన్న చిన్న గుంపులుగా జంతువుల వెంట నడవడం, దొరికితే తినడం, దొరక్కపోతే ఇంకొంచెం నడవడం. కాబట్టి రాత్రి భోజనం తర్వాత ఏమీ తినని పదిమందిని ఒక బీడులో వదిలేసి, ఎవరు వెతుకుతారు, ఎవరు పంచుకుంటారు అని చూసి రాయాలి. అది నచ్చితే లెక్చరర్ మార్గరెట్ గారు వచ్చే ఏడాది అమెరికా తవ్వకాలకి తనతో తీసుకెళతారు. చోటు ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ తనకే రావాలని పిల్ల మూడు నెలలుగా సరిగ్గా నిద్రపోలేదు.

"డాడ్, డోంట్ బ్రింగ్ ఎనీథింగ్, ఓకే?" అని నాకు నాలుగుసార్లు చెప్పింది.

మాది తెనాలి. మా వైపు ఎవరైనా "ఏమీ తేకండి" అన్నారంటే వట్టి చేతులతో రావద్దని అర్థం. మేఘన ముందురోజే మార్గరెట్ గారితో వెళ్ళిపోయింది కాబట్టి అడ్డం చెప్పేవాళ్ళు లేరు. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాను. నలుగురికీ పెట్టేది ముందుగా రుచి చూడటం మా ఇంట్లో తప్పు, అందుకని చూడలేదు. మేఘనకి మాత్రం వేరే చిన్న డబ్బాలో తీసి మూత బిగించాను.

ఖాదర్ భాయ్‌ది హైదరాబాదు. సన్నీబ్యాంక్‌లో మటన్ షాపు. ఆ పదిమందిలో తొమ్మిదోవాణ్ణి నేను, పదో మనిషి తక్కువయ్యాడంటే ఈయన్ని నేనే లాక్కొచ్చాను. "నీ బిడ్డ కోసం ఒట్టి కడుపుతోని వస్తున్న భాయ్," అంటూ దారిపొడుగునా డబ్బా వైపే చూశాడు. డారాలో ఒకసారి, ఇప్స్‌విచ్‌లో ఒకసారి రైలు మారాం. ఇప్స్‌విచ్‌లో టాయిలెట్ పని చూసుకోండి, మంచుయుగంలో ఉండదు.

ఏడున్నర దాటాక రోజ్‌వుడ్‌లో దిగితే యూని మినీబస్సు సిద్ధంగా ఉంది. ఆస్ట్రేలియాలో జూలై అంటే నడి చలికాలం. అందులో ఎనిమిదిమంది పిల్లలు ఆ చలికి వణుకుతూ, ముఖాలు పీక్కుపోయి కూర్చున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. మూత తీశాను.

ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి, "వీ ఆర్ నాట్ అలౌడ్, అంకుల్," అంది.

"రూలు అక్కడ దిగాక కదమ్మా. బస్సులో ఉన్నంతసేపూ మనం ఈ కాలంవాళ్ళమే," అన్నాను.

పేపరు ప్లేట్లు కూడా తెచ్చానాయె. "కొంచెం, ఒక్క ముద్ద," అంటూ వరసపెట్టి వడ్డించాను. అందరూ మారు అడిగారు. ఖాదర్ భాయ్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. డ్రైవరు కూడా బస్సాపి తిన్నాడు. నా వంతు వచ్చేసరికి డబ్బా అడుగు మెరిసిపోతోంది. వడ్డించేవాడికి మిగిలితే అన్నం, లేకపోతే మంచినీళ్ళు. అది మనకి కొత్తేమీ కాదు.

ఎనిమిదిన్నరకి బీడు చేరాం. మేఘన నోట్‌బుక్ పట్టుకుని ఎదురొచ్చింది. చిన్న డబ్బా చేతిలో పెట్టాను. దాని ముఖంలో రంగు మారింది.

"హూ ఎల్స్ ఏట్ దిస్?"

"అందరూనమ్మా. రెండేసిసార్లు!" అన్నాను గర్వంగా.

"డాడ్! యూ ఫెడ్ మై హంటర్-గ్యాదరర్స్!"

కళ్ళనిండా నీళ్ళు. ఓరి నాయనో, కన్నకూతురి కొంప ముంచాను కదా అని నాకప్పుడు తెలిసింది. డబ్బా సంచిలో కుక్కుకుని విసురుగా వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బీడు మధ్యలో గడ్డిమోపుల మీద పాత కార్పెట్లు కప్పి మామత్‌ని, అంటే ఆనాటి జూలు ఏనుగుని, నిలబెట్టారు. ఖాదర్ భాయ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బోన్‌లెస్ మస్తుగ వస్తది," అని తేల్చి, దాని నీడలోనే పడుకున్నాడు. ఎండ, పులిహోర కలిసి పనిచేశాయి. తొమ్మిదింటికల్లా తొమ్మిదిమంది వేటగాళ్ళూ గులకరాళ్ళ మీద గురకలు పెడుతున్నారు.

మార్గరెట్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని, తినని వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. నెమ్మదిగా చెయ్యెత్తాను.

"యూ డిడ్న్ట్ ఈట్?" అంది మేఘన.

"అయిపోయిందమ్మా."

మార్గరెట్ గారు పెద్దగా నవ్వి, అయితే ఈయన ఒక్కడితోనే కానిద్దాం అన్నారు. నా చేతికి కొన్ని ఈటెలు, మూరెడు కర్ర ఇచ్చారు. ప్రతి ఈటెకీ రాతి ములికి నరంతో కట్టి ఉంది. కర్ర కొసన కొక్కెం. ఈటె వెనక కొసని అందులో ఆనించి విసిరితే చెయ్యి ఇంకో మూర సాగినట్టు దూరం పోతుందట. "మా వాళ్ళకీ ఉంది ఇలాంటిది, వూమెరా. దీనికోసం అమెరికా దాకా ఎందుకు?" అన్నాడు డ్రైవరు. ఆయన ఈ నేలవాడే, ఇక్కడి ఆదివాసి. నా మొదటి ఈటె నా వెనకాలే పడింది. రెండోది ఆయన టోపీ పక్కనుంచి పోయింది. ఆయన బస్సెక్కి తలుపేసుకున్నాడు.

పన్నెండింటికి మామత్ కాలికి ఒకటి తగిలింది. దానికి బహుమానం మాంసం కాదు, మట్టిలో దాచిన చిలగడదుంపలు. పుల్లతో తవ్వుకోవాలి. అప్పటికే నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కూతురి కోసం తవ్వానో, కడుపు కోసం తవ్వానో చెప్పలేను. రెండింటికల్లా నాలుగు దుంపలు దొరికాయి. నిప్పుల్లో వేశాను.

ఆ వాసనకి తొమ్మిదిమందీ లేచి చుట్టూ చేరారు. ఇంతమంది చూస్తుంటే ఎలా తింటాం చెప్పండి? విరిచి తలో ముక్కా ఇచ్చాను. ఆఖరి ముక్కకి మార్గరెట్ గారే చెయ్యి చాపారు. తలెత్తి చూస్తే మేఘన వంచిన తల ఎత్తకుండా రాస్తోంది.

నాలుగున్నరకి రోజ్‌వుడ్‌లో దింపుతూ మార్గరెట్ గారు దానితో అన్నారు, "తవ్వితే రాళ్ళు దొరుకుతాయి, ఎముకలు దొరుకుతాయి. ఎవరు ఎవరికి పెట్టారో దొరకదు. ఈరోజు చూసింది చూసినట్టు రాసివ్వు. నువ్వు నాతో వస్తున్నావు. మీ నాన్నని మాత్రం తేవద్దు." మాలో వద్దంటే అర్థమేమిటో పైన రాశాను కదా.

ఐదింటి రైల్లో మేఘన సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. తనూ రోజంతా తినలేదు.

"నాకాకలి లేదమ్మా, నువ్వు తిను," అన్నాను.

"డాడ్, దట్స్ ఫాల్స్ డేటా," అని చెంచా నా చేతిలో పెట్టింది.

నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు.

"మూడుసార్లు తిన్నావు కదయ్యా, చెప్పద్దూ?" అన్నాను ఖాదర్ భాయ్‌తో.

"అప్పుడు తెల్వలే భాయ్. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటరు గద!"

మేఘన అర్థమేమిటని అడిగింది. చెప్పాను. ఉప్పులేని పులిహోరని మారు అడిగి తిన్నవాళ్ళు, రాళ్ళ మీద గురక పెట్టినవాళ్ళు గుర్తొచ్చి కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నోట్‌బుక్ తెరిచి, "ఇంకోసారి చెప్పు నాన్నా, స్లోగా," అంది. రిపోర్టుకి అదే ఆఖరి వాక్యమట.

ఇప్స్‌విచ్ వచ్చేదాకా ఇద్దరం ఆ చప్పిడి పులిహోర డబ్బా గీకి గీకి తిన్నాం.