అంచున గీత

మా ముత్తాత ఎస్టేటు దివాను. మా తాత ఊళ్లో కాలినడకన తిరిగిన మనిషి కాదు. ఆయన జర్మనీ నుంచి తెప్పించుకున్న కెమెరా లెన్స్‌తో, డెబ్బైల చివర్లో ఒకరోజు గోపాలపట్నంలో బస్సు కోసం కూర్చున్నాను. అది ఒకసారి కింద పడి, అంచున నల్లరంగు లేచి ఇత్తడి గీతలా బయటపడింది.

పక్కనున్న ముసలాయన ఓడలకు రంగులేసేవాడు. గీత చూశాడు.

“అద్దం బాగానే ఉంది బావూ, రంగెయ్యమంటావా? అమ్మడానికైతే మాత్రం నాను ముట్టను. కుళ్లిన సేప మొప్పలకి రంగేసినట్టుంటాది.”

“తాతగారిది. అమ్ముకునే ఇల్లు కాదు మాది,” అన్నాను నిటారుగా కూర్చుని.

“తప్పయిపోనాది బావూ!” అని నవ్వి, బస్సు వచ్చేలోగా సంచిలోంచి తీసిన సన్నని కుంచెతో గీత కనబడకుండా నల్లరంగు అద్దాడు. ఆరేదాకా నోటితో ఊదాడు.

ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్ దగ్గరి స్టూడియోవాడికి, ఎన్నడూ కింద పడలేదని చెప్పి, ఆ లెన్స్ అమ్మేశాను.