బొట్టు పెట్టిన సెన్సార్లు

కిరండూల్‌లో ఓ గని కంపెనీ ఆఫీసు. అందులో బుల్లమ్మ పని ఒక్కటే: మనిషి లేని గదిలో లైటు ఆర్పడం. కుంట అనే ఊరికి అవతల, తెలుగు మాట్లాడే సరిహద్దు పల్లె నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో అక్కడే చీపురు పట్టింది. ఎవరో ఆఫీసరుకు కరెంటు పొదుపు చెయ్యాలని బుద్ధి పుడితే ఆ భారం ఆమె మీద పడింది. ఇరవై రెండేళ్లు, మూడంతస్తులు, అరవై నాలుగు గదులు. లైటు ఆర్పనివాళ్లను తెలుగు, హిందీ, హల్బీ, గోండీల్లో తిట్టగలదు. ఆఫీసరు కుర్చీలో ఉండగానే ఫ్యాను ఆపిన రోజులూ ఉన్నాయి.

ఆ ఏడు రాయపూర్ నుంచి కరెంటు వాడకం కొలిచే ఆడిటరు వచ్చాడు. మూడు రోజులు మీటర్లు పట్టుకుని తిరిగి, మనిషి కదిలితే లైటు వెలిగించి, కదలకపోతే ఆర్పేసే సెన్సార్లు పెట్టమన్నాడు. స్విచ్చులు పీకేశారు. గదిగదికీ కప్పు మీద తెల్లటి గుండ్రటి బిళ్ల వెలిసింది, దాని నడుమ ఒక కన్ను. నివేదికలో చివరి వాక్యం: "లైట్లు ఆర్పడానికి ఇక మనిషి అక్కర్లేదు." నెలాఖరుతో కాంట్రాక్టు ముగుస్తుందని ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు రాజేశ్వరరావు బుల్లమ్మకు తలవంచుకుని చెప్పాడు.

"గదేంది సారూ, ఆఫీసర్లను బిళ్ల తిడ్తదా?" అంది బుల్లమ్మ.

సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. గనుల ఊళ్లో ఆ రోజు డ్రిల్లు నుంచి జిరాక్సు మిషను దాకా బొట్టు పడని యంత్రం ఉండదు. ఆఫీసులో బొట్లు పెట్టడం ఏటా బుల్లమ్మ వంతే. "కొత్త మిషన్లు మర్చిపోకమ్మా," అన్నాడు రాజేశ్వరరావు. ఆమె నిచ్చెనెక్కి, నూనెలో కలిపిన సిందూరం అరవై నాలుగింటికీ దట్టంగా అద్దింది.

మర్నాడు ఒక్క లైటూ వెలగలేదు. రాజేశ్వరరావు టార్చి వేసి పైకి చూశాడు.

"ఏటి చేసినావే తల్లీ! కంట్లో పెట్టేసినావేటి?"

"మొఖం నడుమ గాక బొట్టు యాడ పెడ్తరు సారూ? వీపుకా?"

"తుడిచెయ్యి."

"పూజ బొట్టు నేను తుడవ. మీరే తుడువుండ్రి."

రాజేశ్వరరావు నిచ్చెన రెండు మెట్లెక్కాడు. ఇంట్లో భార్య అప్పలనరసమ్మ నుదురు కళ్ల ముందు మెదిలింది. దిగిపోయాడు. సంగతి పెద్దాఫీసరుకు పెడితే, ఆయన "కింది స్థాయిలో నిర్ణయించగలరు" అని రాశాడు. ఆ కాగితం కిందికి దిగుతూ దిగుతూ బుల్లమ్మ చేతికే వచ్చింది. ఆమె దాన్ని మడిచి, ఊగుతున్న నిచ్చెన కాలి కింద పెట్టింది. ఉద్యోగులు బల్లలు కిటికీల దగ్గరికి జరుపుకున్నారు. కొందరు ఫైళ్లతో సహా వరండాలో కాపురం పెట్టారు.

నెలాఖరున ఆడిటరు ఫలితం చూడటానికి వచ్చాడు. పూజ మర్నాటి నుంచి లైట్ల వాడకం దాదాపు సున్నా. నమ్మలేక మీటరును రెండుసార్లు తట్టాడు. ఆ తర్వాత తలెత్తి బొట్లు చూశాడు. తుడిస్తే పొదుపు పోతుంది, పొదుపుతో పాటు అతని పేరూ పోతుంది.

"యే కిస్‌నే లగాయా?" అంటూ, ఇవి పెట్టిందెవరని అడిగాడు.

తానేనని, నూనె ఎండితే రాలిపోతుందని, మళ్లీ మళ్లీ పెట్టాలని బుల్లమ్మ హిందీలోనే చెప్పింది. ఆడిటరు అంతా రాసుకున్నాడు. కొత్త నివేదికలో ఇలా ఉంది: "సెన్సార్లపై స్థానిక పూత మంచి ఫలితమిస్తోంది. పూత నిలబెట్టడానికి ఒక మనిషి తప్పనిసరి."

బుల్లమ్మ కాంట్రాక్టు నిలబడింది. శుక్రవారం శుక్రవారం నిచ్చెనెక్కుతోంది. ఓ వానాకాలం పన్నెండో గదిలో సిందూరం రాలి లైటు వెలిగింది. కంగారుపడ్డ గుమాస్తా ఫిర్యాదు పుస్తకంలో రాశాడు: "మా గదిలో లైటు వెలుగుతోంది. తక్షణం చర్య తీసుకోగలరు."

బుల్లమ్మ టీ తాగడం పూర్తిచేసి, నిచ్చెన భుజానికెత్తుకుంది.

"వస్తున్న సారూ! అందాక కదలకుండ కూసోండ్రి."